క్రియాశీల గెలాక్సీల వెలుగు, రంగు: ఏది మారుతోంది, ఏది మారినట్టు కనిపిస్తోంది

జర్మన్ ఖగోళ పరిశోధకుడు కూనో హాఫ్‌మైస్టర్ 1929లో లాసర్టా తారామండలంలో వెలుగు నిలకడగా లేని ఒక చుక్కను గుర్తించి, దాన్ని చరనక్షత్రాల కోవలో చేర్చాడు. ఆ జాబితాల పద్ధతి ప్రకారం దానికి బీఎల్ లాసర్టే అనే పేరు వచ్చింది. దాదాపు నలభై ఏళ్లపాటు అది మన పాలపుంతలోని ఒక నక్షత్రంగానే చలామణి అయింది. 1968లో అదే చోట బలమైన రేడియో మూలం ఉన్నట్టు తేలింది. 1970ల్లో దూరం లెక్కకు అందాక, అది సుమారు 90 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్న ఒక గెలాక్సీ నడిబొడ్డు అని స్పష్టమైంది. ఇలా నడిబొడ్డు (కేంద్రకం) అసాధారణంగా వెలిగే వాటినే క్రియాశీల గెలాక్సీలంటారు. పొరపాటు పడడానికి కారణం లేకపోలేదు. మామూలు గెలాక్సీ కాంతి వేల కోట్ల నక్షత్రాల ఉమ్మడి కాంతి కాబట్టి, మనిషి జీవితకాలంలో అది మారడానికి వీల్లేదు. వారాల్లో, నెలల్లో మారేదేదైనా నక్షత్రమే అయ్యుంటుందనుకోవడం ఆనాటికి సహేతుకమే.

1963లో 3సి 273 అనే క్వాసార్ (చుక్కలా కనిపించే, విపరీతంగా వెలిగే సుదూర గెలాక్సీ కేంద్రకం) దూరాన్ని మార్టెన్ ష్మిట్ నిర్ధారించిన వెంటనే హార్లన్ స్మిత్, డోరిట్ హాఫ్లీట్ చేసిన పని ఈ విషయంలో మరో మలుపు. హార్వర్డ్ వేధశాలలో 1880ల నుంచి పోగుపడిన గాజు ఫోటో పలకలను బయటికి తీసి, అందులో ఈ చుక్క దశాబ్దాలుగా ఎంత వెలుగుతో ఉందో వారు వరుసగా కొలిచారు. అది స్థిరంగా లేదు. దాదాపు 240 కోట్ల ఏళ్ల ప్రయాణం చేసి వచ్చిన కాంతి, ఏళ్ల వ్యవధిలోనే కాదు, అంతకన్నా తక్కువ కాలంలోనూ హెచ్చుతగ్గులు చూపింది. ఇక్కడే ఒక సరళమైన తర్కం పనికొస్తుంది. వెలిగే వస్తువు ఒక చివర నుంచి ఇంకో చివరకు కాంతి చేరడానికి పట్టే కాలం కన్నా వేగంగా ఆ వస్తువు మొత్తం వెలుగు మారలేదు. ఒక రోజులో మారిందంటే దాని వెడల్పు ఇంచుమించు ఒక కాంతి దినం, అంటే సుమారు 2,590 కోట్ల కిలోమీటర్లకు మించకూడదు. నెప్ట్యూన్ కక్ష్య వ్యాసానికి ఇది మూడు రెట్లు కూడా కాదు. లక్ష కాంతి సంవత్సరాల గెలాక్సీ మొత్తాన్ని మించిన వెలుగు ఇంత చిన్న చోటు నుంచి రావాలంటే, కోట్లాది సూర్యుల ద్రవ్యరాశి గల కృష్ణబిలంలోకి పదార్థం జారడమే అందుకు తగిన వివరణగా నిలిచింది.

వెలుగు మార్పు మూలం పరిమాణాన్ని చెబుతుంది, కానీ అక్కడ ఏం జరుగుతోందో చెప్పదు. అది చెప్పవలసింది రంగు. ఖగోళశాస్త్రంలో రంగు అంటే రెండు ఫిల్టర్ల గుండా కొలిచిన మాగ్నిట్యూడ్‌ల (వెలుగు కొలమానం; అంకె తగ్గే కొద్దీ వెలుగు ఎక్కువ) తేడా. నీలి ఫిల్టర్‌లో వెలుగు ఎంత, ఎరుపు ఫిల్టర్‌లో ఎంత అన్న పోలిక వేడి ఎక్కువైందా, ధూళి అడ్డొచ్చిందా, కాంతిని పుట్టించే ఎలక్ట్రాన్ల శక్తి పెరిగిందా అన్నదానికి సూచిక అవుతుంది. అయితే ఈ పోలికను నమ్మే ముందు ఒక ప్రశ్న తేలాలి: టెలిస్కోప్‌లోకి వచ్చిన కాంతిలో మారే భాగం ఎంత, మారని భాగం ఎంత? ఈ రంగంలో జరిగిన చాలా వాదాలు, సరిగా చూస్తే, ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగినవే.

ఒక లెక్క వేసి చూస్తే సంగతి తేటపడుతుంది. ఒక గెలాక్సీ కేంద్రకం నీలి ఫిల్టర్‌లో 60 యూనిట్లు, ఎరుపు ఫిల్టర్‌లో 40 యూనిట్లు వెలుగు ఇస్తోందనుకుందాం. దాని చుట్టూ ఉన్న నక్షత్రాలు ఎక్కువగా వయసు మళ్లిన ఎర్రని నక్షత్రాలు కాబట్టి, కొలత వృత్తంలో (చిత్రంలో ఎంత మేర కాంతిని కూడి లెక్కిస్తామో ఆ వృత్తంలో) పడే వాటి కాంతి నీలంలో 20, ఎరుపులో 60 ఉందనుకుందాం. మొత్తం నీలం 80, ఎరుపు 100, నిష్పత్తి 0.8. ఇప్పుడు కేంద్రకం వెలుగు రెండు ఫిల్టర్లలోనూ సరిగ్గా సగమైంది. నీలం 30, 20 కలిసి 50; ఎరుపు 20, 60 కలిసి 80; నిష్పత్తి 0.625. మాగ్నిట్యూడ్‌లలో చెబితే వస్తువు దాదాపు 0.27 మేర ఎర్రబడింది. కేంద్రకం రంగు మాత్రం ఇసుమంతైనా మారలేదు. ముందూ వెనకా దాని నిష్పత్తి 1.5 మాత్రమే. పాలు అంతే ఉంచి డికాక్షన్ తగ్గిస్తే కాఫీ రంగు తేలిపోతుంది, అంతమాత్రాన డికాక్షన్ రంగు మారిందనలేం. సీఫర్ట్ గెలాక్సీలు (కేంద్రకంతో పాటు చుట్టూ ఉన్న గెలాక్సీ కూడా కనిపించే క్రియాశీల గెలాక్సీలు) మసకబారినప్పుడు ఎర్రగా, వెలిగినప్పుడు నీలంగా కనిపించడం దశాబ్దాలుగా నమోదవుతూ వచ్చింది. ఆ నమోదుల్లో ఎంత భాగం నిజమైన భౌతిక మార్పు, ఎంత భాగం ఈ కలగలుపు వల్ల వచ్చిందన్నది విడిగా తేల్చవలసిన విషయం.

విడదీయడానికి ఒక చక్కని పద్ధతి ఉంది. మాగ్నిట్యూడ్‌లను పక్కనపెట్టి అసలు కాంతి పరిమాణాలనే తీసుకుని, ఒకే సమయంలో కొలిచిన నీలి కాంతిని అడ్డంగా, ఎరుపు కాంతిని నిలువుగా గీయాలి. మారే భాగం రంగు స్థిరంగా ఉంటే, ఎన్ని రాత్రులు కొలిచినా ఆ బిందువులన్నీ ఒకే సరళరేఖ మీద పడతాయి. రేఖ వాలు మారే భాగం రంగును ఇస్తుంది. రేఖను మసక వైపు పొడిగించుకుంటూ పోతే అతిథేయ గెలాక్సీ (ఆ కేంద్రకం ఉన్న గెలాక్సీ) నక్షత్రాల రంగు దాకా చేరుతుంది, కాబట్టి ఎంత కాంతి నక్షత్రాలదో కూడా అంచనాకు అందుతుంది. 1990ల తొలినాళ్లలో హార్ట్‌ముట్ వింక్లర్ దక్షిణార్ధగోళపు సీఫర్ట్ గెలాక్సీల కొలతలను ఇలా గీసినప్పుడు చాలావాటిలో బిందువులు రేఖ మీద బుద్ధిగా పడ్డాయి. అంటే చూడగానే కనిపించిన ఎరుపు, నీలం మార్పుల్లో అధికభాగం కలగలుపు ఫలితమే. ఇంత తక్కువ ఊహతో, గీత గీయడం తప్ప మరే సాధనమూ అక్కర్లేని పద్ధతి ఇంత స్పష్టమైన జవాబు ఇవ్వడం గమనించదగ్గది.

అయితే పద్ధతికి ఓ షరతు ఉంది: కొలత వృత్తంలో పడే నక్షత్రకాంతి ప్రతి రాత్రీ సమానంగా ఉండాలి. వాతావరణం నిలకడగా లేని రాత్రి చుక్క బింబం ఉబ్బుతుంది, కేంద్రకం కాంతి కొంత వృత్తం బయటికి పోతుంది. విస్తరించి ఉన్న గెలాక్సీ కాంతి మాత్రం అదే లెక్కన తగ్గదు. పక్కనున్న పోలిక నక్షత్రంతో తూచినప్పుడు, గాలి మాత్రమే మారిన ఆ రాత్రి గెలాక్సీ మారినట్టు కనిపిస్తుంది. ఒకే రాత్రిలో కొన్ని గంటల వ్యవధిలో 1 లేదా 2 శాతం మార్పును వెతికేవారికి ఇది చాలా పెద్ద ఉచ్చు. నైనితాల్‌లోని 104 సెంటీమీటర్ల సంపూర్ణానంద్ టెలిస్కోప్‌తో 1990ల నుంచి భారతీయ పరిశోధకులు ఇలాంటి రాత్రిలోపలి మార్పుల మీద సుదీర్ఘంగా పనిచేశారు. అందులో రెండు మూడు పోలిక నక్షత్రాలను తీసుకుని, ఒకదానితో ఒకటి పోలిస్తే వాటి వెలుగు ఎంత మారిందో ముందు చూశాకే క్వాసార్ వెలుగు మార్పును లెక్కలోకి తీసుకునే క్రమశిక్షణ కనిపిస్తుంది. చిన్న మార్పు దొరికిందన్న ఉత్సాహం కన్నా ఈ జాగ్రత్తే ఆ ఫలితాలకు విలువ తెచ్చింది.

కలగలుపును తీసేశాక కూడా రంగు మార్పు మిగులుతుందా? బాగా వెలిగే క్వాసార్‌లలో మిగులుతుంది. వాటి కేంద్రకం ముందు అతిథేయ గెలాక్సీ కాంతి లెక్కలోకి రానంత తక్కువ. 2004లో ఆకాశాన్ని విస్తారంగా చిత్రించే స్లోన్ సర్వే కొలతల నుంచి సుమారు 25,000 క్వాసార్‌లను పరిశీలించినప్పుడు, నీలం వైపు తరంగదైర్ఘ్యాల్లో హెచ్చుతగ్గుల పరిమాణం ఎరుపు వైపు కన్నా ఎక్కువని, సహజంగా మరింత వెలుగు గల క్వాసార్‌లు తక్కువగా ఊగుతాయని, కొలతల మధ్య వ్యవధి పెరిగే కొద్దీ తేడా పెరుగుతుందని తేలింది. నీలం ఎక్కువగా ఊగితే, వెలుగు పెరిగినప్పుడు వస్తువు నీలంగా మారక తప్పదు. ఇది కలగలుపు కాదు, కాంతిని పుట్టించే చోటనే ఏదో జరుగుతోందన్నమాట.

ఆ చోటు కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయువు. లోపలికి జారే పదార్థం నేరుగా పడిపోకుండా బల్లపరుపుగా పరుచుకుని తిరుగుతుంది. దాన్ని సంచయన చక్రం అంటారు. షకూరా, సున్యయేవ్ 1973లో రూపొందించిన నమూనా ప్రకారం ఇది లోపలికి పోయే కొద్దీ వేడెక్కుతుంది. పది కోట్ల సూర్యుల ద్రవ్యరాశి గల కృష్ణబిలం దగ్గర లోపలి అంచు ఉష్ణోగ్రత లక్ష కెల్విన్‌ల స్థాయికి చేరగలదు. అతినీలలోహిత కాంతి లోపలి వలయాల నుంచి, ఎరుపు, పరారుణ కాంతి వెలుపలి వలయాల నుంచి వస్తాయి. చక్రమంతా ఒక్కసారిగా ఎక్కువ పదార్థాన్ని మింగి వేడెక్కితే నీలం పెరుగుతుంది. కాని చక్రం అంతటా పదార్థం ప్రవాహం మారడానికి ఈ నమూనా వేల సంవత్సరాలు పట్టాలంటుంది, మనం చూసే మార్పులేమో నెలల్లో జరుగుతున్నాయి. ఈ అగాధం ఐదు దశాబ్దాలైనా పూడలేదు. ఇది చిన్న సవరణతో పోయేది కాదనీ, నమూనా మూలంలోనే దిద్దుబాటు అవసరమనీ అనుకోవడానికి తగినంత ఆధారం ఇప్పటికే ఉంది.

ఆ ఆధారాల్లో బలమైనది ఎన్‌జీసీ 5548 అనే సీఫర్ట్ గెలాక్సీ నుంచి వచ్చింది. 2014లో దాదాపు ఆరు నెలలపాటు హబుల్ టెలిస్కోప్ ఈ గెలాక్సీని దాదాపు ప్రతిరోజూ కొలిచింది. అదే కాలంలో స్విఫ్ట్ ఉపగ్రహం, భూమి మీది టెలిస్కోప్‌లు కూడా తోడయ్యాయి. అతినీలలోహితంలో కనిపించిన ఎత్తుపల్లాలే కొంత ఆలస్యంగా నీలంలో, మరికొంత ఆలస్యంగా ఎరుపులో వచ్చాయి. తరంగదైర్ఘ్యం పెరిగే కొద్దీ ఆలస్యం క్రమంగా పెరిగింది. లోపలి నుంచి బయలుదేరిన వెలుగు బయటి వలయాలను తాకి వేడెక్కిస్తోందన్న ఊహకు ఈ క్రమం సరిపోయింది. కాని ఆలస్యాన్ని కాంతి వేగంతో గుణించి చక్రం పరిమాణం లెక్కిస్తే అది నమూనా చెప్పినదానికి సుమారు మూడు రెట్లు వచ్చింది. చక్రం నిజంగా అంత పెద్దదా, లేక చక్రానికి అవతలి వాయువు వెదజల్లే కాంతి ఈ ఫిల్టర్లలో కలిసి ఆలస్యాన్ని పెంచుతోందా? మళ్లీ కలగలుపు ప్రశ్నే, ఈసారి కొత్త రూపంలో. అతినీలలోహితానికి దగ్గరగా ఉండే ఫిల్టర్‌లో ఆలస్యం క్రమానికి మించి కనిపించడం రెండో వివరణకు బలాన్నిస్తుంది, ఎందుకంటే హైడ్రోజన్ వాయువు వెదజల్లే అవిచ్ఛిన్న కాంతి సరిగ్గా ఆ చోటే ఎక్కువ.

ఇంకో సూక్ష్మమైన ఫలితం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. రోజుల వ్యవధిలో వచ్చే మార్పుల్లో క్వాసార్‌లు గట్టిగా నీలమవుతాయి, ఏళ్ల వ్యవధిలో వచ్చే మార్పుల్లో అంతగా కావు. మొత్తం చక్రం ఒకేలా వేడెక్కి చల్లారితే ఈ తేడా రాకూడదు. లోపలి చిన్న వలయాల్లో త్వరత్వరగా, బయటి పెద్ద వలయాల్లో నిదానంగా, విడివిడిగా ఉష్ణోగ్రత ఎగుడుదిగుళ్లు జరుగుతున్నాయనుకుంటే మాత్రం సహజంగా వస్తుంది. 2021లో వెలువడిన మరో పరిశీలన, ఈ ఊగిసలాట జ్ఞాపకం (ముందటి వెలుగు ప్రభావం తర్వాతి వెలుగు మీద ఉండే కాలం) ఎంతకాలం నిలుస్తుందన్నది కృష్ణబిలం ద్రవ్యరాశితో ముడిపడి ఉందని చూపింది. పది కోట్ల సూర్యుల బరువున్న వాటికి అది సుమారు 100 రోజులు. వెలుగు మార్పును మాత్రమే చూసి కృష్ణబిలాన్ని తూచే అవకాశం దీనితో తెరుచుకుంది.

ఇప్పటిదాకా చెప్పినది చక్రం కథ. బీఎల్ లాసర్టే వంటి బ్లేజార్‌లలో మనం ముఖ్యంగా చూసేది కృష్ణబిలం దగ్గర నుంచి కాంతికి దగ్గర వేగంతో మన వైపే దూసుకొచ్చే జెట్‌ను, అంటే సన్నని పదార్థ ధారను. అందులోని ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో సుడులు తిరుగుతూ వెలుగునిస్తాయి. జెట్ మన వైపు వస్తున్నందువల్ల వెలుగు ఎన్నో రెట్లు పెరిగి కనిపిస్తుంది, కాలం కుదించుకుపోయి కనిపిస్తుంది. కాబట్టి ఇందాకటి కాంతి దినం తర్కాన్ని బ్లేజార్‌లకు యథాతథంగా వాడకూడదు. జెట్ వేగానికి తగిన సవరణ చేయాలి. 2016 డిసెంబర్ చివరి వారంలో సీటీఏ 102 అనే బ్లేజార్ 10.8 మాగ్నిట్యూడ్ దాకా వెలిగింది. మసక స్థితితో పోలిస్తే దాదాపు 6 మాగ్నిట్యూడ్‌లు, అంటే సుమారు 250 రెట్లు. దాదాపు 800 కోట్ల ఏళ్ల కిందట బయలుదేరిన కాంతిని ఆ వారం ఔత్సాహికులు తమ చిన్న టెలిస్కోప్‌లలో చూడగలిగారు. జెట్ వంకర తిరిగి ఉండి, వెలిగే భాగం కొద్ది డిగ్రీలు మన చూపు వైపు మొగ్గడంతో ఈ వెలుగు వచ్చిందని ఆ కొలతలు సమన్వయపరిచిన బృందం వివరించింది.

జెట్ మలుపు వల్ల వెలుగు పెరిగిందా, లోపల ఎలక్ట్రాన్లు కొత్తగా శక్తి పుంజుకున్నాయా అన్నది తేల్చడానికి రంగే ఆధారం. మలుపు మాత్రమే కారణమైతే అన్ని ఫిల్టర్లూ దాదాపు సమానంగా పెరుగుతాయి. వర్ణపటం (తరంగదైర్ఘ్యాన్ని బట్టి కాంతి ఎంతన్నది చూపే గీత) వంపు తిరిగి ఉంటే కాస్త నీలమవుతుంది, అంతే. ఎలక్ట్రాన్లు త్వరితమైతే అధిక శక్తి గలవి ముందు వెలిగి ముందే చల్లారతాయి కనుక నీలం బలంగా ఊగుతుంది. బీఎల్ లాసర్టే విషయంలో అంతర్జాతీయ బృందాలు 2000ల తొలినాళ్లలో సాగించిన కొలతల్లో, అతిథేయ గెలాక్సీ కాంతిని ముందే తీసేసిన తర్వాత, రెండూ ఒకే వస్తువులో కనిపించాయి: దీర్ఘకాలిక పెరుగుదలలో వెలుగు 1 మాగ్నిట్యూడ్ పెరిగితే రంగు 0.1 మేర నీలమైంది. దాని మీద తేలే చిన్న జ్వాలల్లో 0.4 మేర. నిదానపు మార్పు జెట్ దిశది, వేగవంతమైనది జెట్ లోపలిది అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

3సి 454.3 వంటి బ్లేజార్‌లలో వ్యవహారం తలకిందులు. అది 2005 వసంతంలో 12వ మాగ్నిట్యూడ్‌కు చేరినప్పుడు, వెలుగు పెరిగే కొద్దీ ఎర్రబడుతూ పోయి, ఒక స్థాయి దాటాక రంగు ఆగిపోయింది. ఇందులో బలమైన సంచయన చక్రం కూడా ఉంది. అది నీలం, జెట్ ఎరుపు. జెట్ చిన్నగా ఉన్నప్పుడు చక్రం నీలం పైచేయి, జెట్ పెరిగితే ఎరుపు, జెట్ పూర్తిగా కమ్మేశాక మారడానికి ఇంకేమీ మిగలదు. వెలిగితే నీలం, వెలిగితే ఎరుపు అని రెండు వేర్వేరు జాతులుగా బ్లేజార్‌లను విభజించడం కన్నా, కింద ఉన్న స్థిర కాంతి ఏ రంగుదో చూడడం ఎక్కువ నిజాన్ని చెబుతుంది.

కొన్ని గెలాక్సీలు ఏకంగా తమ వర్గాన్నే మార్చుకుంటాయి. మార్కేరియన్ 1018 కేంద్రకం 1980ల్లో ప్రకాశించి, వర్ణపటంలో వెడల్పాటి హైడ్రోజన్ రేఖలు (కేంద్రకం దగ్గర వేగంగా తిరిగే వాయువు గుర్తులు) సంతరించుకుని, 2015 నాటికి మళ్లీ మసకబారి ఆ రేఖలను దాదాపు పోగొట్టుకుంది. ధూళి మేఘం అడ్డొచ్చిందన్న వివరణ మొదట స్ఫురించేదే, ఎందుకంటే ధూళి కూడా ఎర్రబరుస్తుంది. దీనికి పరీక్ష పరారుణంలో ఉంది. మన చూపుకు మాత్రమే ఒక మేఘం అడ్డొస్తే, కేంద్రకం చుట్టూ ఉన్న వేడి ధూళి వెదజల్లే పరారుణ కాంతి తగ్గకూడదు. ఇలా వర్గం మార్చుకున్న అనేక గెలాక్సీల్లో కొంత ఆలస్యంగానైనా పరారుణం కూడా తగ్గింది. శక్తి సరఫరాయే తగ్గిందన్నమాట.

నియమిత కాలానికి తిరిగి వచ్చే మార్పులను వెతకడంలో మాత్రం మరింత నిగ్రహం కావాలి. ఓజే 287 అనే బ్లేజార్ సుమారు 12 ఏళ్లకోసారి జ్వలిస్తుందని, అక్కడ రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని ప్రతిపాదన. 2019 జులై చివరి జ్వాలను ఆ నమూనా ముందే చెప్పగా స్పిట్జర్ టెలిస్కోప్ చూసింది, 2022 అక్టోబర్‌కు చెప్పినది మాత్రం రాలేదు. యాదృచ్ఛిక ఊగిసలాట కూడా రెండు మూడు చుట్లపాటు అచ్చం నియమిత కాలపు మార్పులాగే కనిపించగలదని మరచిపోకూడదు.

చిలీలోని వెరా రూబిన్ వేధశాల 2025 జూన్‌లో తొలి చిత్రాలను విడుదల చేసింది. దాని 8.4 మీటర్ల టెలిస్కోప్ పదేళ్లపాటు ఆరు ఫిల్టర్లలో దక్షిణాకాశాన్ని పదే పదే కొలవనుంది, లక్షలాది క్రియాశీల కేంద్రకాల హెచ్చుతగ్గులు చేతికి రానున్నాయి. కాని ఒక్కో సందర్శనలో ఒకే ఫిల్టర్ ఉంటుంది. ఒక చోట నీలం ఈ రాత్రి కొలిస్తే ఎరుపు కొన్ని రాత్రుల తర్వాత రావచ్చు. నిదానంగా మారే క్వాసార్‌లకు మధ్య విలువలను గణితంతో పూరించుకోవచ్చు. గంటల్లో మారే బ్లేజార్‌లకు అలా చేస్తే దొరికేది రంగు మార్పు కాదు, కొలతల మధ్య జరిగిన వెలుగు మార్పు. అందుకే అన్ని రంగులనూ ఒకేసారి చూసే సాధనాల అవసరం తగ్గలేదు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్‌ను అతినీలలోహితాన్ని, ఎక్స్‌రేలను ఒకే సమయంలో కొలిచేలా రూపొందించింది ఇలాంటి ప్రశ్నల కోసమే. రూబిన్ ఏ గెలాక్సీ వెలుగు మారిందో అదే రాత్రి ప్రకటిస్తుంది. ఆ ప్రకటన అందిన గంటల్లో రెండు మూడు ఫిల్టర్లను ఒకదాని వెంట ఒకటి తిప్పి కొలవగల ఒకటి రెండు మీటర్ల టెలిస్కోప్ ఎక్కడున్నా, అక్కడి కొలతే రంగును తేలుస్తుంది.